ఇరవై ఎనిమిది రోజుల గోడ

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్యాగరాజు గారు సైటు ఆఫీసుకి ఆ కిటికీ ఎందుకు పెట్టించుకున్నారో నాకు ఈరోజుకీ తెలియదు. చూసింది చూశానని చెప్పే మనిషికి కిటికీ కావాలి గానీ ఆయనకెందుకు? గోడకి మేకు కొట్టి క్యాలెండరు తగిలించుకుంటే సరిపోయేది. ఆయన మంచివాడని ఢిల్లీలో తెలుగువాళ్ళు చాలామంది చెబుతారు. శ్రీరామనవమికి చందా ఇస్తాడు, పరీక్షలకని ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకు జియా సరాయ్‌లో గది చూసిపెడతాడు, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే పెద్దాసుపత్రిలో తెలిసినవాళ్ళకు ఫోను చేస్తాడు. అన్నీ నిజమే, నేను కాదనను. నా సంగతి వేరు. అది ఆ కిటికీకీ, దానికి ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డ ఒక గోడకీ మధ్య జరిగింది.

మాది ఇంకొల్లు దగ్గర ఒక పల్లె. ఆరో తరగతిలో బడి మానేసి ఇటుక బట్టీలో చేరాను. ఢిల్లీలో ఆసియా ఆటల కోసం స్టేడియాలు కడుతున్న రోజుల్లో మా ఊరి మేస్త్రీ వెంట రైలెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. కూలీ నుంచి తాపీకి, తాపీ నుంచి మేస్త్రీ పనికి రావడానికి పదేళ్ళు పట్టింది. తెలుగు చదవగలను, రాయగలను. హిందీ బోర్డులు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు కాగితం ఇస్తే దానికి పైన ఏదో కింద ఏదో ఉందని, సంతకం ఎక్కడుందని చూసి చెబుతాను, అంతే.

త్యాగరాజు గారు పరిచయమైంది ధౌలా కువాన్ పక్కనున్న ఆయన గవర్నమెంటు క్వార్టర్లో. వంటింటి గట్టు కుంగితే సరిచేయడానికి వెళ్ళాను. ఆదివారం కాబట్టి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. లుంగీ కట్టుకుని, పేపరు పట్టుకుని, నేను పని చేస్తుంటే గుమ్మంలో నిలబడి కబుర్లు మొదలుపెట్టాడు.

“అంకయ్యా, మట్టి ఇటుకకి రోజులు చెల్లాయి. ఒక్కో బట్టీ ఏడాదికి ఎంత పొలం పైమట్టి తింటుందో తెలుసా? జానెడు పైమట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుందయ్యా. మనం దాన్ని కాల్చి గోడలు కడుతున్నాం.”

“తెలుసు సార్. నేను చిన్నప్పుడు తవ్విన చేలో మళ్ళీ జొన్న కూడా మొలవలా.”

“చూశావా మరి? అవతల దాద్రిలో బొగ్గు కాల్చి కరెంటు తీసి, బూడిద కొండలుగా పోస్తున్నారు. ఆ బూడిద ఊరికే ఇస్తారు. చుట్టుపక్కల కట్టేవాళ్ళంతా బూడిద ఇటుకే వాడాలని రూలొచ్చింది. చేసే తెలుగువాడు ఒక్కడన్నా ఉన్నాడా? నువ్వు పెట్టు. గ్రేటర్ నోయిడాలో నాకు ఆరు బ్లాకుల క్వార్టర్ల పని వస్తోంది. గ్రీన్ బిల్డింగ్. మొత్తం నీ ఇటుకే.”

ఆయన భార్య జానకీదేవి గారు గ్లాసులో కాఫీ పోసి ఇస్తూ, “ఈయన మాట ఇవ్వడమే కష్టం అంకయ్యా, ఇచ్చారంటే తిరుగుండదు” అంది.

నేను నమ్మాను. కాఫీ చూసి నమ్మలేదు. పైమట్టి సంగతి నాకు తెలిసిన నిజం కాబట్టి నమ్మాను. నా చేతులతో పాడుచేసిన చేలు నాకు గుర్తున్నాయి. బూడిదతో గోడ లేస్తుందంటే, ఎక్కడో ఒక పొలం బతుకుతుంది కదా అనుకున్నాను. ఇలాంటి మాటలు చదువుకున్నవాళ్ళకే వస్తాయని ఎవరైనా అనుకుంటే వాళ్ళెప్పుడూ బట్టీ గుంటలో దిగలేదన్నమాట.

యంత్రానికి బ్యాంకు అప్పు కావాలి. అప్పుకి తాకట్టు కావాలి. నా పేరున ఏమీ లేదు. నా భార్య హనుమాయమ్మ పేరున వాళ్ళ నాన్న పసుపుకుంకాల కింద రాసిచ్చిన నల్లరేగడి చేను ఉంది. దస్తావేజు ట్రంకుపెట్టెలో అడుగున, ఆవిడ పెళ్ళిచీర మడతల్లో ఉండేది. తీసి నా చేతిలో పెట్టింది.

“తాకట్టు పెట్టుకో. పోగొట్టబాక.”

“పోదులే.”

“పోదులే అని మెల్లగా అన్నావే? గట్టిగా అను.”

గట్టిగా అన్నాను.

రెండువేల నాలుగు చివర్లో దాద్రి రోడ్డు పక్కన కౌలుకి తీసుకున్న స్థలంలో యంత్రం దిగింది. బూడిద, సున్నం, రాతిపొడి కలిపి వత్తితే బూడిదరంగు ఇటుక వస్తుంది. కాల్చే పని లేదు, పొగ లేదు. అచ్చులోంచి తీసిన రోజు వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. మర్నాటి నుంచి నీళ్ళు పట్టాలి. రోజుకి మూడు పూటలు, మూడు వారాలు. ఎంత బాగా తడిపితే అంత గట్టిపడుతుంది. ఆ పని హనుమాయమ్మది. కూలీ పెడతానంటే ఒప్పుకోలేదు. “వాళ్ళు పైపైన చల్లిపోతారు. పాలు తాగే పిల్లలకి వేళకి పట్టొద్దా?” అనేది. మొదటి వరసకి పసుపు రాసి బొట్టు పెట్టింది. మే నెల వడగాడ్పులో తలకి గుడ్డ చుట్టుకుని, గొట్టం పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటే, ఎండిన ఇటుక నీళ్ళు పీల్చే చప్పుడు నాకు షెడ్డులోకి వినిపించేది. ఏడాదిన్నర ఆవిడ చేసిన పని అదే. బూడిద ఇటుకకి నీళ్ళే ప్రాణమని ఆవిడ చేతులకి తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అయితే ఈ ఇటుకతో ఒక చిక్కుంది. మట్టి ఇటుకని గోడలో పెట్టే ముందు తొట్టిలో పడేసి, బుడగలు ఆగేదాకా నానబెట్టాలి. లేకపోతే ఇటుకల మధ్య వేసే సిమెంటు మాలులో తేమంతా అది లాగేసుకుంటుంది. మేస్త్రీలందరికీ తాతల నాటి నుంచి వచ్చిన పద్ధతి ఇది. బూడిద ఇటుక యార్డులో తాగాల్సిన నీళ్ళు యార్డులోనే తాగేసి వస్తుంది. గోడ కట్టేటప్పుడు పైన నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలు. మళ్ళీ నానబెడితే ఒళ్ళు ఉబ్బుతుంది, గోడలో ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, గోడ పగులుతుంది. థర్మల్ ప్లాంటులో బూడిద ఇచ్చే ఇంజనీరు నాకు రెండు ఇటుకలు పెట్టి మరీ చూపించాడు.

గ్రేటర్ నోయిడా సైటులో మొదటి బ్లాకు మొదలైన రోజు వెళ్ళి చూద్దును కదా, నా ఇటుకలు తొట్టిలో మునిగి బుడగలు వదులుతున్నాయి. తాపీ మేస్త్రీ రాంసేవక్, బుందేల్‌ఖండ్ మనిషి, నన్ను చూసి నవ్వాడు. “నీ ఇటుకకి దాహం ఎక్కువ భయ్యా.”

“తియ్యి బయటికి. వీటిని నానబెట్టకూడదు.”

“నాకెందుకు చెబుతావు? సాబ్ రిజిస్టర్లో రాశాడు. ఒక రాత్రంతా నానాలని.”

త్యాగరాజు గారి దగ్గరికి వెళ్ళాను. చెప్పాను. ఆయన చదువుతున్న ఫైలు మీద నుంచి కళ్ళెత్తకుండా విన్నాడు.

“అంకయ్యా, నా సర్వీసెంత?”

“తెలియదు సార్.”

“ఇరవై మూడేళ్ళు. ఇటుక తడపడం నాకు నువ్వు నేర్పుతావా? మా డిపార్ట్‌మెంటులో తాతల కాలం నుంచీ ఉన్న క్లాజ్ అది. నేను రాసి సైన్ చేశాను. ఇప్పుడు కొట్టేసి మళ్ళీ సైన్ చేస్తే ఆడిట్‌వాడు ఎందుకు కొట్టేశావంటాడు. నువ్వు ఇటుకలు పంపు.”

పంపాను. రెండు బ్లాకులు లేచాయి. ఆర్నెల్లు తిరగకముందే గోడలు పగిలాయి. ఇటుకల సందుల వెంబడి మెట్లు మెట్లుగా, మూల నుంచి కిటికీ దాకా. పైవాళ్ళు వచ్చి చూశారు. త్యాగరాజు గారు వాళ్ళకేం చెప్పాడో నాకు తెలియదు గానీ, నాకు వచ్చిన కాగితంలో ఇటుక నాసిరకం అని ఉందని రాంసేవక్ కొడుకు చదివి చెప్పాడు. మిగతా నాలుగు బ్లాకులకి ఇటుకలు ఆపేశారు. యార్డులో సరుకు పేరుకుపోయింది. ఇటుక పోకపోతే వాయిదా కట్టలేను. వాయిదా తప్పితే చేను పోతుంది. ఇందులో మర్మమేమీ లేదు, చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది.

నేను ఊరుకోలేదు. గ్రీన్ బిల్డింగ్ కాబట్టి పైన ఒక కమిటీ ఉంది. దానికి పెద్ద, జియా సరాయ్ పక్కనున్న ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు, భార్గవ అని తెల్లజుట్టు మనిషి. రెండు ఇటుకలు సంచిలో వేసుకుని బస్సు మారి బస్సెక్కి వెళ్ళి ఆయన గది బయట రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు పిలిచాడు. హిందీలో చెప్పగలిగినంత చెప్పాను. ఆయన ఇటుకలు చేత్తో తూచి చూశాడు.

“వాదన వద్దు,” అన్నాడు. “గోడే చెబుతుంది.”

అలా కుదిరింది పందెం. సైటు ఆఫీసు వెనకాల ఖాళీ స్థలంలో రెండు గోడలు. ఒక్కోటి పది అడుగుల పొడవు, నిలువెత్తు. ఒకే ఇటుక, ఒకే మాలు, ఒకే మేస్త్రీ. ఎడమ గోడకి రాత్రంతా నానబెట్టిన ఇటుకలు. కుడి గోడకి చిలకరించినవి. మొదటి వారం రాంసేవక్ రెండింటికీ చెంబుతో సమానంగా కాస్త చల్లుతాడు. ఆ తర్వాత చుక్క నీరు తగలకూడదు. ఇరవై ఎనిమిదో రోజున కమిటీ వచ్చి చూస్తుంది. ఎడమది మాత్రమే పగిలితే తప్పు నానబెట్టడంలో ఉన్నట్టు, నా ఇటుకలు మళ్ళీ తీసుకుంటారు. రెండూ పగిలితే తప్పు ఇటుకది. వానపడినా, మధ్యలో ఎలా తడిసినా, సాక్ష్యం ఉంటే మళ్ళీ కట్టి మళ్ళీ చూద్దామన్నాడు భార్గవ.

త్యాగరాజు గారు ఠీక్ హై సార్ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎడమ గోడ ఒక్కటే పగిలితే రిజిస్టర్లో ఆయన రాసిన మాట, దాని కింద ఆయన సంతకం బయటికొస్తాయి.

నేను ఇంకో మాట కలిపాను. ఇరవై ఎనిమిది రోజులూ నేను సైటు గేటు దాటను, రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదు అన్నాను. తెలివి అనుకున్నాను. ఇంటికొచ్చి హనుమాయమ్మకి కూడా గట్టిగా చెప్పాను.

“మన చెయ్యి ఆ గోడ మీద పడిందా, ఓడినట్టే. చేను పోయినట్టే. అర్థమైందా?”

“నేనెందుకు ముట్టుకుంటానయ్యా?”

ఓడినట్టే అని భార్గవ అనలేదు. అది నేను కలిపింది. ఆవిడని భయపెడితే మంచిదనుకున్నాను. నీళ్ళు పోయకూడదని మాత్రం చెప్పలేదు. నా మెదడుకే తట్టలేదు.

మా యార్డులో బోరునీళ్ళు ఉప్పగా ఉండేవి. సైటులో మంచినీళ్ళ కుళాయి ఉండేది. చుట్టుపక్కల షెడ్లలో ఆడవాళ్ళందరూ అక్కడికే వెళ్ళేవాళ్ళు. హనుమాయమ్మ కూడా రోజూ మధ్యాహ్నం బిందె తీసుకుని వెళ్ళేది. నేను పోకూడదు కాబట్టి, “పోయినప్పుడు ఓ చూపు చూసిరా” అని నేనే చెప్పాను.

మొదటి వారం రాంసేవక్ చెంబుతో చల్లాడు. రెండో వారం నుంచి గోడలు ఎండకి వదిలేశారు. మే నెల. వడగాడ్పు పొద్దున తొమ్మిదికే మొదలయ్యేది. నేను యార్డులో కూర్చుని రోజులు లెక్కపెట్టేవాణ్ణి. ఆవిడ బిందె దించగానే అడిగేవాణ్ణి.

“ఎట్టా ఉంది?”

“ఎడమదానికి పైన గీత కనపడుతోంది. వెంట్రుకంత.”

“మనది?”

“నున్నగా ఉంది. పసుపు రాశా కింద.”

“ముట్టుకోవద్దన్నానా?”

“పసుపు కూడా ముట్టుకోవడమేనా? నేలకి రాశాలే.”

పదిహేడో రోజు ఆకాశం ఎర్రగా మారి దుమ్ముగాలి లేచింది. షెడ్డు మీద రేకులు లేచిపడుతున్నాయి. వాన పడితే మళ్ళీ ఇరవై ఎనిమిది రోజులు. బ్యాంకువాళ్ళు అన్నాళ్ళు ఆగరు. నేను రోడ్డు మీదికొచ్చి ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాను. కళ్ళలో, నోట్లో ఇసుక. చుక్క పడలేదు. గాలి ఎలా వచ్చిందో అలాగే పోయింది. ఆ సాయంత్రం జీవితంలో మొదటిసారి వాన పడనందుకు దండం పెట్టుకున్నాను. రైతు ఇంట్లో పుట్టినవాడు చేయకూడని పని.

ఇరవై మూడు. ఇరవై ఐదు. ఎడమ గోడకి మూడు చోట్ల మెట్లు మెట్లుగా పగిలిందని చెప్పింది. మనది బాగుందంది. ఇరవై ఏడో రోజు మాత్రం కాస్త ఆగి, “బాగానే ఉంది” అంది. ఆ ‘నే’ నేను పట్టించుకోలేదు.

ఇరవై ఎనిమిదో రోజు పదకొండింటికి కమిటీ వచ్చింది. భార్గవ, ఆయన వెంట ఇద్దరు. త్యాగరాజు గారు టక్ చేసుకుని, గుండీలు పెట్టుకుని ఎదురెళ్ళాడు. నేను గేటు బయటే నిలబడితే రాంసేవక్ వచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. అతను నా మొహం చూడలేదు.

భార్గవ ఎడమ గోడ ముందు కూర్చుని, జేబులోంచి సన్నటి ఇనుప రేకుల కట్ట తీసి పగుళ్ళలో ఒక్కో రేకూ దూర్చి చూసి అంకెలు చెప్పాడు. పక్కవాడు రాసుకున్నాడు. నా గుండె నిమ్మళించింది. అప్పుడు ఆయన కుడి గోడ దగ్గరికి వెళ్ళాడు. మధ్యదాకా వెళ్ళి, తల ఊపి, ఇంకో చివరికి వెళ్ళి ఆగాడు.

గోడకి ఆ చివర, కిటికీ వైపు, ఒక పగులు. పైనుంచి మొదలై, నాలుగు మెట్లు దిగి, నేల దాకా. మిగతా ఎనిమిది అడుగులూ నున్నగా ఉన్నాయి. ఆ రెండు అడుగుల్లోనే పగులు, దాని చుట్టూ గోడ మీద ఉప్పు తెల్లగా పూసింది. నీళ్ళు పడి ఆరి, పడి ఆరి, పదిసార్లు అయితే గాని అలా పూయదు. నేను కిందికి చూశాను. నేల మీద పసుపు. దాని పక్కన బిందె అడుగు పెట్టిన గుండ్రటి గుర్తులు, ఒకదాని మీద ఒకటి.

నాకు అంతా ఒక్కసారే తెలిసింది. తలతిప్పి చూశాను. కుళాయి దగ్గర హనుమాయమ్మ నిలబడి ఉంది, చంకలో బిందె. మా అందరినీ చూస్తూ, గెలిచిన రోజు మొహం పెట్టుకుని.

భార్గవ కూడా ఉప్పు చూశాడు. చేత్తో తుడిచి చూసుకున్నాడు. “ఇక్కడ నీళ్ళు ఎవరు పోశారు?”

నేను మళ్ళీ ఆ బిందె గుర్తుల కేసి చూశాను.

“సాబ్,” అన్నాను. “నా భార్య పోసింది. తెలియక పోసింది. చూడండి సాబ్, పోసిన చోటే పగిలింది. పోయని చోట పగల్లేదు. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.”

భార్గవ నన్ను చూశాడు. కోపంగా కాదు. పరీక్షలో తప్పిన పిల్లవాడు కారణాలు చెబుతుంటే పంతులు చూసినట్టు. “పగులు కనబడ్డాక చెబుతున్నావు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“ఇప్పుడే తెలిసింది సాబ్.”

“నీ భార్య పోస్తే నీకు ఇప్పుడు తెలిసిందా?” పక్కవాడు నవ్వు ఆపుకున్నాడు. భార్గవ మాత్రం నవ్వలేదు. త్యాగరాజు గారి వైపు తిరిగాడు. “మీ కిటికీ ఇటే కదా. రోజంతా ఇక్కడే ఉంటారు. మీరేమన్నా చూశారా? నీళ్ళు పోసినట్టు ఒక్క మనిషి చెప్పినా ఈ పరీక్ష కొట్టేసి మళ్ళీ కట్టిస్తాను.”

త్యాగరాజు గారు కిటికీ వైపు చూశాడు. తన కిటికీని అదే మొదటిసారి చూస్తున్నట్టు. “నో సర్. నేనేం చూడలేదు. కుళాయికి ఆడవాళ్ళు చాలామంది వస్తుంటారు. బిందెలు ఎక్కడపడితే అక్కడ దించుతారు.”

రాంసేవక్ అప్పటికి మూడు వారాలుగా అవతలి బ్లాకులో పనిలో ఉన్నాడు. అతను చూడలేదు. నిజంగానే చూడలేదు.

“ఆవిడనే అడుగుదాం,” అన్నాడు భార్గవ. హనుమాయమ్మకి హిందీ బజారు వరకే వచ్చు. త్యాగరాజు గారు పిలిచాడు. ఆవిడ బిందె దించి, కొంగు సర్దుకుని వచ్చింది.

“అమ్మా, మీ ఆయన అంటున్నాడు, మీరు ఈ గోడకి నీళ్ళు పోశారని. పోశారా?”

ఆయన అడగడంలో తప్పు లేదు. ఉన్నమాటే అడిగాడు. ఆవిడ నా మొహం చూసింది. నా మొహంలో ఏముందో నాకు తెలియదు. వణుకు ఉండి ఉంటుంది. ఆవిడకి అది భయంలా కనబడింది. మన చెయ్యి పడితే ఓడినట్టే అన్న మాట నాదే కదా.

“లేదయ్యా. నేను పొయ్యలా.”

“హనుమా, నిజం చెప్పు. ఏం కాదు,” అన్నాను.

నేను అలా అనేసరికి ఆవిడకి ఇంకా గట్టిగా అనిపించింది, నన్ను వీళ్ళు ఎందులోనో ఇరికించారని. రెండు చేతులూ జోడించింది.

“మా నాయన మీద ఒట్టయ్యా. చుక్క పొయ్యలా. మా ఆయనకి ఎండదెబ్బ తగిలి ఏందేందో అంటున్నాడు. మేం ఆ గోడ వంక కూడా పోలా.”

త్యాగరాజు గారు హిందీలో చెప్పాడు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. “ఒట్టేసి చెబుతోంది సర్, పోయలేదని.”

భార్గవ కాసేపు ఆ ఉప్పు కేసే చూశాడు. ఆయనకి అనుమానం ఉంది, నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ అనుమానం కాగితం మీద రాయడానికి వీలుకాదు. రేకుల కట్ట పగులులో దూర్చాడు. “రెండూ పగిలాయి,” అని అంకె చెప్పాడు. పక్కవాడు రాసుకున్నాడు.

వాళ్ళ కారు వెళ్ళిపోయాక త్యాగరాజు గారు ఆఫీసు మెట్ల మీద నిలబడి టీ తెప్పించుకున్నాడు. నాకూ ఒకటి ఇప్పించాడు. నేను తాగలేదు. చేతిలో పట్టుకున్నాను.

“అమ్మగారు రోజూ ఒంటిగంటకి వచ్చేవారు కదా,” అన్నాడు ఆయన, టీ ఊదుకుంటూ. “పసుపు రాసి, దణ్ణం పెట్టి, బిందెడు నీళ్ళు వంచి వెళ్ళేవారు. పది పన్నెండు రోజులు. ఏదో మొక్కనుకున్నా. ఆడవాళ్ళ నమ్మకాల్లో మనమెందుకు దూరాలి అని ఊరుకున్నా.”

టీ గ్లాసు మెట్టు మీద పెట్టాను. “ఇప్పుడు చెబుతున్నారేంది సార్? ఆయన అడిగినప్పుడు చెప్పొచ్చుగా.”

“నీ ఇంటావిడే ఒట్టేసి కాదంటుంటే, నేను ఔననడం ఏం మర్యాద అంకయ్యా?”

“ఆవిడ కంటే ముందు అడిగింది మిమ్మల్ని.”

ఆయన టీ తాగి, గ్లాసు కిటికీ అంచు మీద పెట్టి లోపలికి వెళ్ళాడు.

ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు హనుమాయమ్మ బిందె మోస్తూ నా వెనకే వచ్చింది. సగం దూరం వచ్చాక అడిగింది. “సరిగ్గానే చెప్పానా?”

“ఎందుకు పోశావు?”

“ఎవరికన్నా వినపడిద్ది, మెల్లగా. ఎండలో బీటలు వారి సచ్చిద్దేమోనని పోశానయ్యా. యార్డులో మూడు వారాలు నీళ్ళు పట్టిన చేతులు, కళ్ళ ముందు ఎండిపోతుంటే ఊరుకుంటాయా? ఆ చివర ఎండ ఎక్కువ పడుతోంది. అందుకని ఆ చివరే పోశా. నిన్న సన్నగా గీత కనపడితే తగ్గిద్దని ఇంకో బిందె పోశా. రెండోదానికి ఒక్క చుక్క కూడా పొయ్యలా.” ఆగి, మళ్ళీ అడిగింది. “నేను ఒట్టు పెట్టకపోతే ఇయ్యాల మన కొంప మునిగేది గదా? సరిగ్గానే చెప్పానా?”

నేను ఆగాను. బిందె ఆవిడ చంకలోంచి తీసుకుని నా భుజం మీద పెట్టుకున్నాను.

“బాగా చెప్పావు,” అన్నాను. “ఆ త్యాగరాజే కొలతలు మార్పించాడు.”

ఆ రోజు నుంచి మా ఇంట్లో దోషి ఆయనే. హనుమాయమ్మ దీపం పెట్టేటప్పుడు కూడా ఆయన్ని ఒక మాట అంటుంది. నేను తల ఊపుతాను. ఇంటికి ఒక దోషి ఉండక తప్పదు, అది ఆయనైతే మాకు కాస్త ఊపిరాడుతుంది. ఆవిడకి చదువు రాదు కాబట్టి ఇది రాయగలిగాను. చదవగలిగినవాళ్ళు ఎవరూ ఆవిడకి వినిపించకండి.

మిగతా నాలుగు బ్లాకులూ కాల్చిన మట్టి ఇటుకతో లేచాయి. వాటికి మట్టి ఏ పొలాల్లోంచి తవ్వారో నాకు తెలుసు, దాద్రి రోడ్డు మీద పోతుంటే ఆ గుంటలు ఇప్పటికీ కనబడతాయి. ఆ క్వార్టర్లకి గ్రీన్ బిల్డింగ్ అని గుమ్మంలో రాగి ఫలకం పెట్టారు, వాననీళ్ళ గుంటలకీ కిటికీల అద్దాలకీ కలిపి సరిపడా మార్కులు వచ్చాయట. పగిలిన రెండు బ్లాకులకీ సిమెంటు పూసి రంగు వేశారు. త్యాగరాజు గారికి ప్రమోషన్ వచ్చింది. యంత్రాన్ని దసరాకి ముందు ఘాజియాబాద్ పాతసామాన్ల వాడు లారీలో తీసుకెళ్ళాడు. రిజిస్టర్లో రాసిన ఆ వాక్యం ఎక్కడుందో నాకు తెలియదు. ఎవరూ కొట్టేసి ఉండరు. ఆడిట్ ఉంటుంది కదా.

మళ్ళీ తాపీ పట్టాను. కూలికి. ఇప్పటికీ ఎక్కడైనా బూడిద ఇటుక లోడు దిగితే వెళ్ళి చేత్తో ఎత్తి చూస్తాను, తొట్టి దగ్గర ఉన్న కుర్ర మేస్త్రీలకు చిలకరిస్తే చాలురా అని చెబుతాను. వింటారు, వినరు.

బ్యాంకువాళ్ళు హనుమాయమ్మ చేనుని రెండువేల ఏడు మార్చిలో వేలం వేశారు. మేము వెళ్ళలేదు. కొన్నవాడు మా పల్లెవాడే, శనగ వేశాడని విన్నాము. హనుమాయమ్మ వాళ్ళ నాన్న రాసిచ్చిన కాగితం ప్రకారం, తూర్పున డొంక, పడమర వాగు, మధ్యలో పోయింది ఒక ఎకరం పన్నెండు సెంట్లు.